'సెంపిటర్నల్' అనే విశేషణం: రెండు నిత్యత్వాల మధ్య సరిహద్దు

అల్లాహ్ శాశ్వతుడు. స్వర్గం శాశ్వతం. సత్యతిరస్కారుల నరకవాసం శాశ్వతం. ఈ విశ్వం శాశ్వతమని అరిస్టాటిల్ అనుయాయులు వాదించారు. ఈ నాలుగు వాక్యాలూ తెలుగులో వెలువడిన ఇస్లామీయ రచనలలో తరచు ఎదురయ్యేవే. నాలుగింటిలోనూ మాట ఒక్కటే. మూలగ్రంథాలలో మాత్రం ఈ నాలుగు చోట్లా ఒకే మాట లేదు. శ్రద్ధగా చదివే పాఠకుడికి ఇక్కడ ఒక సందేహం కలగక మానదు. అల్లాహ్ ఏ అర్థంలో శాశ్వతుడో స్వర్గం కూడా అదే అర్థంలో శాశ్వతమా? అవునంటే, అల్లాహ్‌కు మాత్రమే చెందిన ఒక గుణంలో సృష్టికి భాగస్వామ్యం కల్పించినట్లు కాదా? కాదంటే, స్వర్గం ఒకనాటికి అంతరించిపోతుందని ఒప్పుకోవలసి వస్తుందా?

ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని ఏకదైవత్వ సిద్ధాంతమంతా నిలిచి ఉన్నది సృష్టికర్తకూ సృష్టికీ మధ్య గల సరిహద్దు మీద. అనువాదకుడు ఒక విశేషణాన్ని అజాగ్రత్తగా వాడితే ఆ సరిహద్దు చెరిగిపోతుంది. ఇంగ్లీషులో ఈ సరిహద్దును గుర్తు పెట్టడానికి పనికివచ్చే విశేషణం ఒకటున్నది. అది 'సెంపిటర్నల్'. వాడుకలో అరుదైన మాట. నిఘంటువులలో దీనికి 'ఎటర్నల్' అనీ 'ఎవర్‌లాస్టింగ్' అనీ అర్థం చెప్పి ఊరుకోవడం కద్దు. ఇరవయ్యో శతాబ్దపు పాఠకులలో ఎక్కువమందికి ఇది టి.ఎస్. ఎలియట్ 1942లో ప్రకటించిన 'లిటిల్ గిడ్డింగ్' కావ్యం ప్రారంభంలో తారసపడిన మాట. కవిత్వంలో దాని పని వేరు. మతశాస్త్రంలో దానికి నిర్దిష్టమైన పని ఉన్నది. ఆ పనిని అది ఎంతవరకు నెరవేర్చగలదు, ఎక్కడ పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది అన్నది పరిశీలించదగిన విషయం.

పదచరిత్ర

లాటిన్ భాషలో 'సెంపర్' అంటే ఎల్లప్పుడు. దానికి 'ఎటర్నస్' అనే మాటలోని ప్రత్యయమే చేరి 'సెంపిటర్నస్' అయింది. ప్రాచీన ఫ్రెంచి ద్వారా అది ఇంగ్లీషులోకి వచ్చింది. వ్యుత్పత్తిని బట్టి చూస్తే రెండు మాటలకూ పెద్ద తేడా లేదు. తేడా కల్పించినది భాష కాదు, శాస్త్రకారులు.

వారిలో ముఖ్యుడు బోయెథియస్. ఆరవ శతాబ్దం తొలి పాదంలో ఇటలీలో మరణశిక్షకు గురైన ఈ పండితుడు త్రిత్వాన్ని గురించి రాసిన చిన్న గ్రంథంలో ఒక విభజన చేశాడు. మానవుల 'ఇప్పుడు' అనేది పరుగెత్తుతూ ఉంటుంది. ఆ పరుగు వల్ల కాలమూ, కాలం ఎడతెగకుండా సాగడమూ ఏర్పడతాయి. ఈ ఎడతెగకుండా సాగడమే 'సెంపిటర్నిటీ'. దేవుని 'ఇప్పుడు' పరుగెత్తదు. అది నిలిచి ఉంటుంది. దానికే 'ఎటర్నిటీ' అని పేరు. కారాగారంలో రాసిన తన సుప్రసిద్ధ గ్రంథం చివరి భాగంలోనూ ఆయన ఈ భేదాన్ని మరొక మాటతో నిలబెట్టాడు. లోకానికి ఆద్యంతాలు లేవని ప్లేటో భావించాడని కొందరు చెప్పినంత మాత్రాన లోకం దేవునితో సమానంగా నిత్యం కాజాలదనీ, దానికి వేరే మాట వాడాలనీ ఆయన అభిప్రాయం.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటున్నది. బోయెథియస్ చెప్పిన 'సెంపిటర్నల్' వస్తువుకు ఆది ఉండి తీరాలన్న నియమం లేదు. అది కాలంలో ఎడతెగకుండా ఉన్నదన్నదే ముఖ్యం. తరువాతి శతాబ్దాలలో ఈ మాటకు మరొక అర్థం కూడా స్థిరపడింది. ఆది ఉండి అంతం లేనిది సెంపిటర్నల్. మానవుని ఆత్మ, దైవదూతలు, పరలోక జీవితం ఈ కోవలోకి వస్తాయి. పదమూడవ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దేవునికి 'ఎటర్నిటస్', దైవదూతల వంటి వాటికి 'ఈవమ్', భౌతిక వస్తువులకు 'టెంపుస్' అని మూడంతస్తులు ఏర్పరచడం ఈ ఆలోచన కొనసాగింపే.

కాగా చర్చి ప్రార్థనలు ఈ విభజనను పట్టించుకోలేదు. లాటిన్ ప్రార్థనలలో దేవుణ్ణి సంబోధించేటప్పుడు 'సెంపిటర్నస్' అనే విశేషణం తరచు వస్తుంది. 'తే దేయుం' అనే ప్రాచీన స్తోత్రంలో క్రీస్తుకు కూడా అదే విశేషణం ఉన్నది. త్రిత్వవాదుల దృష్టిలో ఆయన అనాది గనుక అక్కడ ఆ మాటకు ఆది గలదనే అర్థం పొసగదు. ఇంగ్లండు చర్చి ప్రార్థనా గ్రంథం ఈ చోట్ల 'ఎవర్‌లాస్టింగ్' అనే మాటతో సరిపెట్టుకున్నది.

అంటే 'సెంపిటర్నల్' అనే ఒకే విశేషణం మూడు అర్థాలను మోస్తున్నది. ఒకటి, ఎటర్నల్ అనే మాటకు గంభీరమైన పర్యాయపదం. రెండు, ఆది ఉన్నా లేకున్నా కాలంలో ఎడతెగక సాగేది. మూడు, ఆది ఉండి అంతం లేనిది. మతశాస్త్ర గ్రంథంలో ఈ మాట కనిపించినప్పుడు పాఠకుడు మొదట అడగవలసిన ప్రశ్న, ఈ మూడింటిలో ఏది అన్నదే.

అరబీలోని మాటలు

అరబీ కలాం శాస్త్రం ఈ విషయంలో లాటిన్ కంటె స్పష్టమైన పరిభాషను ఏర్పరచుకున్నది. వెనక్కు చూస్తే మొదలు కనపడనిది 'అజల్'. ముందుకు చూస్తే చివర కనపడనిది 'అబద్'. రెండు వైపులా హద్దు లేనిది 'సర్మద్'. ఈ మూడింటికీ విశేషణ రూపాలు అజలీ, అబదీ, సర్మదీ. ఇవి ఉర్దూ ద్వారా దక్కనులోనూ సుపరిచితాలే. 1661 ప్రాంతంలో ఢిల్లీలో మరణశిక్ష పొంది జామా మసీదు సమీపంలో సమాధి అయిన సూఫీ కవి తన కలం పేరుగా సర్మద్ అనే మాటనే ఎన్నుకున్నాడు.

అయితే శాస్త్ర పరిభాషనూ దివ్యఖుర్ఆన్ పదజాలాన్నీ ఒకటిగా భావించరాదు. 'అజల్' అనే మాట ఖుర్ఆన్‌లో లేదు. కలాం పండితులు అల్లాహ్‌కు తరచుగా వాడే 'ఖదీమ్' అనే విశేషణం ఖుర్ఆన్‌లో ఉన్నది గాని అల్లాహ్‌కు వర్తించదు. యాసీన్ సూరాలో చంద్రుని కళలు క్షీణించడాన్ని పోల్చిన ఎండిన ఖర్జూరపు మట్టకు (36:39) అది విశేషణం. అక్కడ దాని అర్థం పాతది అని మాత్రమే. అందుకే హిజ్రీ 321లో మరణించిన ఇమామ్ తహావీ తన విశ్వాస సూత్రాలలో ఖదీమ్ అన్న చోట ఆది లేకుండా అని, దాయిమ్ అన్న చోట అంతం లేకుండా అని వెంటనే వివరణ జోడించారు. ఆ గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన ఇబ్నె అబిల్ ఇజ్, అరబీ భాషలో ఖదీమ్ అంటే మరొకదాని కంటె ముందున్నది అనే అర్థమే గాని ఆది లేనిది అనే అర్థం రాదనీ, ఖుర్ఆన్ ఇచ్చిన 'అల్ అవ్వల్' (57:3) అనే నామమే ఉత్తమమనీ విమర్శించారు. ఇది కేవలం మాటల తగాదా కాదు. దైవానికి ఏ విశేషణం వాడినా దాని మామూలు అర్థం వెంట వస్తుందన్న ఎరుక ఇది.

'సర్మద్' విషయం మరింత ఆసక్తికరం. అల్ ఖసస్ సూరాలో (28:71, 72) ఈ మాట రెండుసార్లు వస్తుంది. అల్లాహ్ రాత్రిని గాని పగటిని గాని ప్రళయదినం వరకు అలాగే నిలిపివేస్తే మీకు వెలుగును గాని విశ్రాంతిని గాని తెచ్చి ఇచ్చేవారెవరన్నది అక్కడి ప్రశ్న. ఆ రాత్రికి ఆది ఉన్నది. ప్రళయదినం అనే హద్దు కూడా ఆ వాక్యంలోనే ఉన్నది. కనుక ఇక్కడ సర్మద్ అంటే ఆద్యంతాలు లేనిది కాదు, నడుమ తెగనిది. దీన్ని 'శాశ్వతమైన రాత్రి' అని అనువదిస్తే వాక్యం తనను తానే ఖండించుకుంటుంది. ఎ.జె. ఆర్బెరీ తన 1955 నాటి ఆంగ్లానువాదంలో ఇక్కడ 'ఎడతెగని' అనే అర్థం గల మాటను ఎంచుకోవడం సమంజసంగా ఉన్నది. తరువాతి తత్త్వవేత్తలు సర్మద్‌కు ఇచ్చిన విశాలార్థాన్ని ఈ ఆయత్ మీద రుద్దనవసరం లేదు.

ఇక స్వర్గవాసులను గురించి చెప్పేటప్పుడు ఖుర్ఆన్ వాడే ప్రధాన పదం 'ఖులూద్' ధాతువు నుంచి వచ్చినది. దానికి ఎనిమిది చోట్ల స్వర్గం విషయంలోనూ మూడు చోట్ల నరకం విషయంలోనూ 'అబదన్' అనే క్రియావిశేషణం జోడై వస్తుంది. ఈ మాటలన్నీ ముందుకు చూసేవే. వెనక్కు చూసే మాట ఒక్కటీ లేదు. స్వర్గం ఎల్లప్పుడూ ఉన్నదని ఖుర్ఆన్ ఎక్కడా చెప్పలేదు. ఎల్లప్పుడూ ఉంటుందనే చెప్పింది. 'ఉన్నది'కీ 'ఉంటుంది'కీ మధ్య గల ఈ తేడాను 'శాశ్వతం' అనే మాట మింగివేస్తున్నది.

ఒక భయం, దాని పర్యవసానం

అర్థాలు కలిసిపోతే ఏమవుతుందో తెలుపడానికి ఇస్లామీయ చింతనా చరిత్రలోనే ఉదాహరణ ఉన్నది. హిజ్రీ 128లో హతుడైన జహ్మ్ బిన్ సఫ్వాన్, స్వర్గనరకాలు రెండూ ఒకనాటికి అంతరిస్తాయని బోధించినట్లు ఇమామ్ అష్అరీ తన 'మఖాలాతుల్ ఇస్లామియ్యీన్'లో నమోదు చేశారు. జహ్మ్ ఉద్దేశం దైవాన్ని తక్కువ చేయడం కాదు. సృష్టికి ముందు అల్లాహ్ ఒక్కడే ఉన్నట్లు చివరకూ ఆయన ఒక్కడే మిగలాలి, అప్పుడే 'అల్ ఆఖిర్' అనే నామం సార్థకమవుతుందని అతని తర్కం. స్వర్గం అంతం లేనిదైతే దైవంతో పాటు మరొకటి చివర నిలిచినట్లవుతుందని అతడు భయపడ్డాడు.

ముతజిలీ పండితుడు అబుల్ హుజైల్ అల్లాఫ్ మరొక మార్గంలో దాదాపు ఇదే చోటికి చేరాడు. గతంలో సంఘటనల పరంపర అనంతంగా ఉండజాలదంటే భవిష్యత్తులోనూ ఉండజాలదని ఆయన వాదం. కనుక స్వర్గవాసుల చలనాలన్నీ ఒకనాటికి ఆగిపోయి వారు నిశ్చలమైన సుఖంలో నిలిచిపోతారని ఊహించాడు.

ఈ ఇద్దరి భయానికీ మూలం ఒకే పొరపాటు. ముందుకు అంతం లేకపోవడమూ స్వయంసిద్ధంగా నిత్యమై ఉండడమూ ఒకటేనని వారు అనుకున్నారు. ముతజిలీలు ఆది వైపున దైవగుణాలను గురించి పడిన భయం, అంటే అనాది అయినవి అనేకం అవుతాయన్న భయం, అంతం వైపున ఈ రూపం ధరించింది.

సమాధానం హూద్ సూరాలో (11:108) ఉన్నది. స్వర్గవాసం అక్కడ దైవేచ్ఛకు లోబడినదిగా పేర్కొనబడి, వెంటనే తెగని బహూకరణగా వర్ణించబడింది. తెగనిదే అయినా అది బహూకరణ. ఇచ్చేవాడున్నాడు గనుక ఉన్నది, ఇవ్వడం ఆపడు గనుక ఉంటుంది. అల్లాహ్ అస్తిత్వం ఎవరూ ఇచ్చినది కాదు. రెండు నిత్యత్వాల మధ్య అసలు సరిహద్దు కాలపరిమాణంలో లేదు. ఒకటి ఇవ్వబడినది, మరొకటి ఇవ్వబడనిది. ఇవ్వబడినది ఎంత కాలం సాగినా ఇవ్వబడనిది కాజాలదు. ఈ సంగతి గ్రహిస్తే 'అల్ ఆఖిర్' అనే నామానికి స్వర్గం వల్ల లోటు రాదు.

గజాలీ చూపిన తేడా

ఈ భేదాన్ని తార్కికంగా నిలబెట్టిన ఘనత ఇమామ్ గజాలీది. 1095లో పూర్తి అయిన 'తహాఫుతుల్ ఫలాసిఫా'లో ఆయన తత్త్వవేత్తల మీద ఇరవై సమస్యలను లేవనెత్తారు. వాటిలో మూడింటిని మాత్రమే అవిశ్వాసంగా తీర్పు చెప్పారు. ఆ మూడింటిలో మొదటిది లోకం అజలీ అనే వాదం. గ్రంథంలో మొదటి సమస్య లోకం యొక్క అజలియ్యత్ గురించి, రెండవ సమస్య అబదియ్యత్ గురించి. రెండూ పక్కపక్కనే ఉన్నా గజాలీ రెండింటినీ ఒకే తూకంతో తూచలేదు.

లోకానికి ఆది లేదన్న మాటను ఆయన పూర్తిగా తిరస్కరించారు. లోకానికి అంతం ఉండి తీరాలని బుద్ధి నిర్ణయించగలదా అన్న చోట మాత్రం ఆయన భిన్నంగా మాట్లాడారు. అల్లాహ్ తలచుకుంటే లోకాన్ని అంతం లేకుండా నిలుపవచ్చు, అందులో అసంభవం లేదు, అంతమవుతుందా లేదా అన్నది ధర్మశాస్త్రం వల్ల తెలియవలసిన విషయం అని ఆయన వైఖరి. అబుల్ హుజైల్ తప్ప అంతం అనివార్యమని ఎవరూ అనలేదని కూడా గుర్తు చేశారు. పుట్టినదానికి ఆది ఉండడం అనివార్యం, అంతం ఉండడం అనివార్యం కాదు. కర్త చేసిన పనికి మొదలు ఉండక తప్పదు, చివర ఉండడమూ ఉండకపోవడమూ కర్త ఇష్టం.

అష్అరీల పరమాణు సిద్ధాంతం ఈ వాదానికి మరింత బలమిస్తుంది. వారి దృష్టిలో వస్తువులకు గల గుణాలు రెండు క్షణాలు వరుసగా నిలువవు. అల్లాహ్ వాటిని క్షణక్షణం కొత్తగా సృష్టిస్తూ ఉంటాడు. అటువంటప్పుడు సృష్టిలో అంతం లేకపోవడమనేది వస్తువు తనకు తానుగా నిలిచి ఉండడం కాదు, అల్లాహ్ ఇవ్వడం ఎడతెగకపోవడం.

ఇప్పుడు ఇంగ్లీషు విశేషణం దగ్గరకు తిరిగి వస్తే అసలు చిక్కు బయటపడుతుంది. ఇబ్నె సీనా మతంలో లోకానికి కాలంలో మొదలు లేదు, కాని అది తన ఉనికి కోసం అవశ్యంభావి అయిన దైవం మీద ఆధారపడి ఉన్నది. ఇది అచ్చంగా బోయెథియస్ చెప్పిన అర్థంలో 'సెంపిటర్నల్'. గజాలీ సమర్థించిన పరలోకం ఆది ఉండి అంతం లేనిది. ఇది ఆ మాట మూడవ అర్థంలో 'సెంపిటర్నల్'. గజాలీ ఖండించినదానికీ గజాలీ నమ్మినదానికీ ఒకే విశేషణం సరిపోతున్నది! ఏ అర్థంలో వాడుతున్నాడో చెప్పకుండా ఒక అనువాదకుడు 'తహాఫుత్' అంతటా ఈ మాటను వాడితే, చదివేవాడు వాదినీ ప్రతివాదినీ కలిపేసుకునే ప్రమాదం ఉన్నది.

ఆంగ్లానువాదకులు ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు వేరువేరు. ఇబ్నె రుష్ద్ ప్రతివిమర్శ 'తహాఫుతుత్ తహాఫుత్'ను 1954లో ఇంగ్లీషు చేసిన సైమన్ వాన్ డెన్ బెర్గ్, మొదటి సమస్యకు 'ఎటర్నిటీ' అనీ రెండవదానికి 'ఇన్‌కరప్టిబిలిటీ', అంటే నశించనితనం అనీ పేర్లు పెట్టాడు. చదవడానికి హాయిగా ఉన్నాయి. కాని అజల్, అబద్ అనే జంట ఒకే గీతకు రెండు కొసలన్న సంగతి వీటిలో మరుగున పడింది. 1997లో గజాలీ గ్రంథాన్ని అనువదించిన మైకేల్ మార్మురా 'ప్రీ ఎటర్నిటీ', 'పోస్ట్ ఎటర్నిటీ' అనే మాటలను ఎన్నుకున్నాడు. ఇంగ్లీషు చెవికి ఇవి ఎబ్బెట్టుగానే ఉంటాయి. అయినా అరబీ పరిభాష రూపాన్ని చెక్కుచెదరకుండా చూపించాయి. శాస్త్ర గ్రంథంలో ఈ ఎబ్బెట్టుతనం క్షమించదగినదే గాదు, మెచ్చదగినది కూడా. నిత్యత్వం అనే మాట వినగానే పాఠకుడు తొందరపడి ముందుకు పోకుండా అది నిలిపివేస్తుంది.

ఒక హైదరాబాదు ఉదాహరణ

'ఎటర్నల్' అనే మాట పట్ల ఆంగ్లానువాదకులకు గల మోజు ఇఖ్లాస్ సూరాలోని 'అస్సమద్' (112:2) అనువాదంలో కనిపిస్తుంది. 1734లో జార్జ్ సేల్ ఆ నామాన్ని 'ఎటర్నల్' చేశాడు. 1861లో రాడ్‌వెల్, 1880లో పామర్ అదే బాట పట్టారు. 1934లో అబ్దుల్లా యూసుఫ్ అలీ అనువాదంలోనూ ఆ మాట నిలిచింది. కాని సమద్ అనే పదం ప్రధానంగా కాలానికి సంబంధించినది కాదు. అవసరాలలో అందరూ ఎవరిని ఆశ్రయిస్తారో, ఎవరికి మరొకరి అవసరం ఉండదో ఆయన సమద్.

మార్మడ్యూక్ పిక్తాల్ అనువాదం ఈ వరుసలో ప్రత్యేకంగా నిలుస్తుంది. 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానాధ్యాపకుడైన పిక్తాల్, 1927 నుంచి 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికానికి సంపాదకత్వం వహించాడు. నిజాం ప్రభుత్వం ఇచ్చిన సెలవు వల్ల ఖుర్ఆన్ అనువాదం పూర్తి చేసి 1930లో ప్రకటించాడు. సమద్ అన్న చోట ఆయన నిత్యత్వాన్ని క్రియావిశేషణంగా మార్చి, అందరిచేత అర్థించబడేవాడు అనే భావాన్ని ప్రధానం చేశాడు. పాత మాటను పూర్తిగా వదలలేదు, కాని దాని స్థానం మార్చాడు. కాలం లోపలికి జరిగింది, ఆశ్రయం ముందుకు వచ్చింది. ఇక్కడ కూడా తేలేది అదే. అల్లాహ్ నిత్యత్వమంటే ఆయన ఎంతో కాలం ఉండడం కాదు, ఆయనకు మరొకరి అవసరం లేకపోవడం. సృష్టిలో ఏది ఎంత కాలం నిలిచినా అది అర్థించే వర్గంలోనిదే.

తెలుగులో ఏమి చేయాలి

తెలుగులో మాటలకు కొరత లేదు. ఉన్న మాటలు మోసుకువచ్చే అర్థాలతోనే పేచీ. 'శాశ్వత' అనే మాట నేడు చాలా పలచబడింది. శాశ్వత చిరునామా, శాశ్వత ఉద్యోగం అంటున్నాం. మద్రాసు రాజధానిలో 1802లో ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1948 నాటి జమీందారీ రద్దు చట్టంతో ముగిసింది. నూటయాభై ఏళ్ళు కూడా నిలవలేదు. ఇటువంటి మాటను దైవనామానికి ఏకైక విశేషణంగా వాడడం సాహసమే. 'నిత్య' అనే మాట ఒకవైపు నిత్యావసర వస్తువుల దాకా దిగింది. మరొకవైపు తర్కశాస్త్రంలో పరమాణువులూ ఆకాశమూ కూడా నిత్యాలే. అష్అరీ పరమాణువు సృష్టించబడినది, తార్కికుల పరమాణువు ఎవరూ సృష్టించనిది. ఆ శాస్త్రం తెలిసిన తెలుగు పాఠకుడు 'నిత్య' అని చదివినప్పుడు ఇస్లాం నిరాకరించే భావాన్నే స్ఫురణకు తెచ్చుకోవచ్చు. తెలుగు క్రైస్తవ గ్రంథాలలో 'నిత్యజీవము' అన్న మాట పాతుకుపోయింది. అక్కడ కూడా ఆ జీవం ఇవ్వబడినదే గాని స్వయంసిద్ధం కాదు. కాని మాట ఆ సంగతి చెప్పదు.

విచిత్రమేమంటే ఈ చిక్కును విడదీసే సాధనం కూడా ఆ తర్కశాస్త్రంలోనే ఉన్నది. ఆంధ్రుడని ప్రసిద్ధి చెందిన అన్నంభట్టు పదిహేడవ శతాబ్దంలో రచించిన 'తర్కసంగ్రహం' మన పాఠశాలలలో తరతరాలుగా బాలశిక్షగా నడిచింది. అందులో అభావాన్ని విభజించే చోట రెండు లక్షణాలు కనిపిస్తాయి. కుండ పుట్టకముందు ఉన్న కుండలేమి ప్రాగభావం. అది అనాది, సాంతం. ఎప్పుడు మొదలైందో చెప్పలేం, కుండ పుట్టగానే ముగుస్తుంది. కుండ పగిలిన తరువాతి కుండలేమి ప్రధ్వంసాభావం. అది సాది, అనంతం. కుండ పగిలిన క్షణాన మొదలవుతుంది, ఇక ముగియదు. ఆది లేకపోవడమూ అంతం లేకపోవడమూ రెండు వేరువేరు సంగతులనీ, ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది ఉండనక్కరలేదనీ బాల్యంలోనే నేర్పిన భాషాసంప్రదాయం ఇది. అబుల్ హుజైల్‌కు చిక్కుముడిగా తోచినదాన్ని తర్కం చదివిన తెలుగు విద్యార్థి కుండ ఉదాహరణతో విప్పగలడు. తార్కికుల సిద్ధాంతాన్ని అంగీకరించనవసరం లేదు. వారి కొలబద్దను అరువు తెచ్చుకోవడానికి అభ్యంతరం ఉండదు. గజాలీ కూడా గ్రీకుల తర్కాన్ని అలాగే వాడుకున్నారు.

ఆ కొలబద్దతో చూస్తే మాటల ఎంపిక సులభమవుతుంది. అజలీకి అనాది, అబదీకి అంతరహితం అనవచ్చు. 'అనంతం' అంటే లెక్కకూ విస్తీర్ణానికీ అందనిది అనే అర్థం కూడా ఉన్నది గనుక అంతరహితమే మేలు. అల్లాహ్‌ను గురించి చెప్పేటప్పుడు తెలుగువారి నోట ఇదివరకే నలిగిన 'ఆద్యంతరహితుడు' చక్కగా సరిపోతుంది. అల్ ఖసస్ సూరాలోని రాత్రి 'ఎడతెగని' రాత్రి. 'సెంపిటర్నల్' అనే మాట ఇంగ్లీషు గ్రంథంలో మూడవ అర్థంలో వస్తే, శాస్త్రచర్చలో 'ఆది గల అంతరహితం' అనాలి. రెండవ అర్థంలో వస్తే 'కాలంలో ఎడతెగనిది' అనాలి. మొదటి అర్థంలో అది ఆలంకారికమే గనుక 'ఆద్యంతరహితం' చాలు.

సామాన్య పాఠకుని కోసం రాసే గ్రంథంలో ఇన్ని మాటలెందుకు, చాదస్తం కాదా అని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. స్వర్గవాసాన్ని వర్ణించే ప్రతి ఆయత్ దగ్గరా తర్కం విప్పి కూర్చుంటే ఆ వాక్యాల ఊరట పోతుంది. అటువంటి చోట్ల 'అక్షయం' అనే మాటను పరిశీలించవచ్చు. తరగనిది అని దాని అర్థం. మహాభారత కథ తెలిసిన తెలుగువారికి అక్షయం అనగానే ధర్మరాజుకు లభించిన పాత్ర మనసులో మెదులుతుంది. ఆ పాత్ర ఆయన స్వార్జితం కాదు, ఇవ్వబడినది. పోలిక పూర్తిగా కుదరదు. ద్రౌపది భోజనం చేసిన తరువాత ఆ రోజుకు ఆ పాత్ర ఖాళీ. స్వర్గానుగ్రహానికి అటువంటి విరామం లేదు. పైగా ఆ కథ మరొక విశ్వాసానికి చెందినది. అయినప్పటికీ మాటలో నిలిచిన భావం, అంటే తరగదు గాని మరొకరు ఇచ్చినది అనే భావం, హూద్ సూరాలోని తెగని బహూకరణకు 'శాశ్వతం' కంటె ఎంతో దగ్గరగా ఉన్నది.

మొత్తం మీద 'సెంపిటర్నల్' అనే విశేషణాన్ని గురించి చెప్పదగిన తీర్పు ఇది. దైవాన్ని వర్ణించడానికి అది చాలదు. కాలంలో సాగడమనే వాసన దాన్ని వదలదు. సృష్టిని వర్ణించడానికి అది పనికివస్తుంది, ఏ అర్థంలోనో చెప్పినప్పుడు మాత్రమే. దాని నిజమైన ఉపయోగం మరొకటి. అంతం లేనిదంతా దైవం వంటిది కాదని అది గుర్తు చేస్తుంది. జహ్మ్ ఆ తేడా గమనించక, దైవాన్ని ఏకాకిగా నిలపాలని స్వర్గాన్ని బలి ఇచ్చాడు. తేడా గమనించని అనువాదకుడు అతనికి ఎదురుగా నడిచి, స్వర్గాన్ని నిలబెట్టే తొందరలో దానికి దైవం విశేషణమే తగిలిస్తున్నాడు. తెలుగులో ఈ రెండు తప్పులూ తప్పించుకోవడానికి కావలసిన మాటలు సిద్ధంగా ఉన్నాయి. అనువాదకులు వాటిని వాడుకలోకి తేవడమే మిగిలి ఉన్నది.